తెల్ల తీగ

అశ్విని కార్తె, మొదటి రోజులు

ఈ పుస్తకంలో రోజూ అంకెలు రాస్తాను. ఈరోజు రాయడానికి అంకెలు లేవు. అందుకని జరిగింది రాస్తున్నాను.

పొద్దున గాలి గది తలుపు తీయగానే కాలిన వాసన కొట్టింది. బొగ్గు రాజుకుంటే వచ్చే వాసన మాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇది వేరు, చేప మాడినట్టుంది. తెర నల్లగా ఉంది. కంప్యూటర్ వెనక చెయ్యి పెడితే పవర్ సప్లై డబ్బా చురుక్కుమంది. దాని ఫ్యాను తిరగడం లేదు.

రాజేశం కాకను పిలుచుకొచ్చాను. మేముంటున్న ఈ పాత బొగ్గు గనిలో, అంటే ఏడో బాయిలో, కరెంటు పని తెలిసినవాడు ఆయనొక్కడే మిగిలాడు. రెండు కళ్లకూ పొరలు కమ్మాయి, ఇప్పుడు ఆయనకు రంగులు తెలియవు. నేను డబ్బా విప్పితే ఆయన లోపల వేళ్లతో తడిమి చూశాడు.

"ఉబ్బినయి బిడ్డా. గీ గొట్టాలన్నీ నెత్తులు పగిలి కారినయి. ఇగ ఇది లేవది."

"వేరే డబ్బా పెడితే నడుస్తదా కాకా?"

"నడుస్తది. సరిపొయ్యేది దొరకాలె గదా."

కరెంటుకు మాకు కొదవ లేదు. పైన ఎండ ఉన్నంతసేపూ సోలార్ పలకలు ఇస్తూనే ఉంటాయి. బాయిలోకి గాలిని లాగే పెద్ద పంకా వాటి మీదే తిరుగుతుంది. కానీ ఈ కంప్యూటర్ నా కంటే చాలా పాతది. ఇక్కడ ఇంకా బొగ్గు తవ్వుతున్న కాలంలో పెట్టింది. దాని మదర్‌బోర్డు మీద ఒక పొడుగాటి కార్డు నిలబడి ఉంటుంది. సొరంగాల్లో వేలాడదీసిన పదకొండు గ్యాస్ ముక్కుల తీగలూ ఆ కార్డులోకే వస్తాయి. ముక్కులు అనే పేరు మా అమ్మ కాలంలో ఎవరో పెట్టారు. ఎక్కడ ఏ గ్యాస్ ఎంత ఉందో వాసన చూసి చెప్పేవి అవే. తర్వాత వచ్చిన కంప్యూటర్లలో ఆ కార్డు దిగే గాడి లేదు. అందుకే ఈ బోర్డును పసిబిడ్డలా సాకుతూ వస్తున్నాం.

మధ్యాహ్నం బాపు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మా నాన్న ఓదెలు ఈ బాయికి పెద్ద.

"ఎన్నొద్దులు పడ్తది బిడ్డా?"

"తెల్వదు బాపు. డబ్బా దొరకాలె."

"రోహిణి రాకముందు కింది పొరకు దిగాలె. మీదనే ఉంటే ముసలోళ్లు ఆగరు."

ఆ సంగతి నాకూ తెలుసు. బయటి గాలి ముందు మేముండే పై పొరలోకి వస్తుంది, పొయ్యి మీది నుంచి వచ్చినట్టు. అక్కణ్ణుంచి కింది పొరకు చేరేసరికి రాయి ఆ వేడిని లాగేస్తుంది. ఏటా భరణి కార్తె చివర్లో రెండు వందల కుటుంబాలు చాపలు, కుండలు, మేకలతో కిందికి దిగుతాయి. దిగే ముందు ముక్కులు మంచి అంకెలు చూపాలి. చూపకపోతే ఎవరూ దిగకూడదు. ఆ కట్టుబాటు బాపు పెట్టిందే. కింది పొరలో నిద్రపోయిన మా అమ్మ మళ్లీ లేవని ఏడాది పెట్టాడు.


అశ్విని కార్తె చివర

పై పొర కొసన పాత సామాన్ల గుట్ట ఉంది. పట్టణం ఖాళీ అయిన రోజుల్లో మా ముందుతరం వాళ్లు దుకాణాల నుంచి బండ్ల మీద ఈడ్చుకొచ్చిన సరుకు అది. పది రోజులుగా నేనూ కాకా దాన్నే తవ్వుతున్నాం. చెల్లె శోభ కూడా వచ్చి కూర్చుంటోంది. అది కడుపుతో ఉంది, ఆరో నెల. వంగలేదు, అందుకని నేను తీసిన డబ్బాలకు దుమ్ము దులిపి వరసగా పెడుతుంది. తడి గుడ్డ మెడకు చుట్టుకుని, మాటిమాటికీ దాన్ని పిండి మళ్లీ తడుపుకుంటుంది.

పనికొచ్చేలా కనిపించిన డబ్బాలు ఏడు. వాటి పెద్ద కనెక్టర్లో ఆకుపచ్చ తీగను పక్కనున్న నల్ల తీగకు కలిపితే డబ్బాలో ప్రాణం ఉందో లేదో తెలిసిపోతుంది. ఉంటే ఫ్యాను తిరుగుతుంది. ఆరు కదల్లేదు. ఏడోది గురగురమని లేచింది. శోభ చప్పట్లు కొట్టింది.

బోర్డు దగ్గరికి తెచ్చి చూస్తే కనెక్టర్ పెద్దదిగా ఉంది. బోర్డు మీద గుంతలు ఇరవై. దీనికి ఇరవై నాలుగు.

"నాలుగు ఎక్కువున్నయి గదక్కా. కోసేద్దామా?" అంది శోభ.

కాక కనెక్టర్ అందుకుని బొటనవేలితో అంచంతా తడిమాడు. ఒక చోట సన్నటి గీత తగిలింది.

"కొయ్యద్దు. గా నాలుగు ఊడొస్తయి. పాత బోర్డులకు పనికి రావాలెనని అట్ల జేసిన్రు. పక్కకు జారగొట్టు."

జారగొడితే టక్కున ఊడింది. మిగిలిన ఇరవై బోర్డులోకి దిగాయి. గుంతల్లో కొన్ని నలుచదరం, కొన్ని గుండ్రం. తిరగేసి పెడితే దిగనే దిగదు. దిగిందంటే సరిపోయిందనే లెక్క. నేనలాగే అనుకున్నాను.


భరణి కార్తె

తెర వెలిగింది. పదకొండు వరసలు వచ్చాయి. పదకొండింటిలోనూ సున్నా.

కబురు ఎలా పాకిందో తెలియదు, గాలి గది ముందు జనం కమ్ముకున్నారు. ఒకామె ఏడ్చేసింది. ఎవరో అప్పుడే చాపలు చుడుతున్నారని చెప్పారు. బాపు లోపలికి వచ్చి తెర మీద ఒక్కో వరసా వేలు పెట్టి చదివాడు.

నేను పుస్తకంలో పాత పేజీలు తిరగేశాను. ఇన్నేళ్లలో నేను శుద్ధ సున్నా ఒక్కసారి కూడా రాయలేదు. ఎంత మంచి రోజైనా ఎంతో కొంత ఉంటుంది. మనుషులు ఊపిరి వదులుతారు, మేకలు వదులుతాయి, బొగ్గు వదులుతుంది.

ఒకటో ముక్కు మా గది పక్కనే ఉంటుంది. దాన్ని కొక్కెం నుంచి దించి నోటి దగ్గర పెట్టుకుని ఊపిరి అయిపోయేదాకా ఊదాను. తిరిగి వచ్చి చూస్తే సున్నా.

"బాపు, ఇది అబద్ధం చెప్తుంది," అన్నాను.

రాజేశం కాక మూలన కూర్చుని వింటున్నాడు. "తెల్ల తీగ ఉన్నదా చూడు," అన్నాడు. "కనెక్టర్ల. కింది వరసల. ఒకటే ఉంటది తెల్లది."

చూశాను. నీలం ఉంది, ఆకుపచ్చ ఉంది, ఎరుపులు, నలుపులు ఉన్నాయి. తెల్ల తీగ ఉండాల్సిన గుంత ఖాళీగా ఉంది.

చచ్చిపోయిన పాత డబ్బా తెచ్చి పక్కన పెట్టుకున్నాను. దానికి తెల్ల తీగ ఉంది.

కాక తల పట్టుకున్నాడు. "మర్చిపోయిన బిడ్డా. కండ్లుంటె అప్పుడే చూస్తుంటి. గీ పొడుగు కార్డులకు మైనస్ ఐదు వోల్టులు కావాలె. అది తెల్ల తీగలనే వస్తుండె. తర్వాత పొడుగు కార్డులు పోయినయి, ఇగ ఎవనికీ అక్కర లేదని ఆ తీగ తీసేసిన్రు. బోర్డు లేస్తది, తెర వెలుగుతది. కార్డుకు మాత్రం సగం ప్రాణమే."

బాపు బయటికి వెళ్లి జనానికి చెప్పాడు. దిగొద్దన్నాడు. గొణుగుడు మొదలైంది. వెనక నుంచి ఒక ఆడమనిషి గట్టిగా అంది: "సున్నానే చూపెడ్తుంది గద. సున్నా ఉంటె దిగొద్దంటరు, సున్నా లేకున్నా దిగొద్దంటరు."

సాయంత్రానికి కొందరు మళ్లీ వచ్చారు. గుమ్మంలో నిలబడి ఆ సున్నాలనే చూస్తున్నారు, నీళ్ల కుండను చూసినట్టు. నేను తెరను గోడవైపు తిప్పేశాను.


భరణి కార్తె చివర

నీలం తీగలో మైనస్ పన్నెండు వోల్టులు వస్తాయి. దాన్ని ఐదుకు దించితే తెల్ల తీగ లేని లోటు తీరుతుందని కాక ఆలోచన. అందుకు మూడు కాళ్ల చిప్ ఒకటి ఉంటుందట. గుట్టంతా మళ్లీ వెతికాను, పాత టీవీలు, రేడియోలు విప్పాను. ప్లస్ వైపు వోల్టులు దించేవి దొరికాయి, మైనస్ వైపువి ఒక్కటీ దొరకలేదు.

చివరికి రెసిస్టర్లు అతికి చూద్దామన్నాడు. మీటర్ పెడితే సరిగ్గా మైనస్ ఐదు వచ్చింది. కార్డుకు కలపగానే మూడుకు పడిపోయింది. రెసిస్టర్ మారిస్తే ఎనిమిదికి ఎగిరింది. తెర మీద ఒకటో ముక్కు తొంభై చూపించింది, తర్వాత సున్నా, మళ్లీ నలభై. బాపు పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఉన్నట్టా, లేనట్టా?"

"చెప్పలేను బాపు."

"ఏదో ఒకటి చెప్పు బిడ్డా. నేను బయటికి పోయి ఏదో ఒకటి చెప్పాలె."

నేను ఇంకో రెసిస్టర్ అతకబోయాను. చెమటకు చెయ్యి జారింది. వేడి మీదున్న తీగ వెళ్లి డబ్బా లోపల రేకుకు తగిలింది. టపాసు పేలినట్టు పేలింది. గదంతా పొగ. బోర్డు బతికిందో లేదో తెలుసుకోవడానికి కూడా ఇప్పుడు డబ్బా లేదు.

బయటికి వస్తే ఎవరూ దారి ఇవ్వలేదు. నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్న మనిషే మొహం మీద అడిగాడు: "మంచిగ సున్నా చూపెడ్తుంటె ఎందుకు ముట్టినవ్?"


కృత్తిక కార్తె

మేకలు పోవడం మొదలైంది. మొదట పిల్లలు, తర్వాత పాలిచ్చేవి. ఆ తర్వాత ఇద్దరు ముసలివాళ్లు ఒకే మధ్యాహ్నం పోయారు. మేము పగలు నిద్రపోయి, పొద్దు గూకాక పైకెళ్లి పొలం చేసుకునే మనుషులం. ఇప్పుడు పగలు నిద్ర లేదు. పై పొరలో గోడకు ఆనుకుంటే వీపు కాలుతోంది. శోభకు కాళ్లు వాచాయి. అన్నం వాసన పడటం లేదు. దాని పెనిమిటి తిరుపతి పంకా దగ్గర పనిచేస్తాడు. పని దిగి వచ్చి దాని పాదాలకు తడి మట్టి పూస్తూ కూర్చుంటున్నాడు.

బాపు అందర్నీ కూర్చోబెట్టాడు. కింది పొరకు దిగుదామన్నాడు. ముందు మనుషులు దీపం పట్టుకుని వెళ్తారు, నేల దగ్గరా పైకప్పు దగ్గరా పట్టి చూస్తారు. దీపం ఆరకపోతే, మంట నీలంగా సాగకపోతే దిగుతాం. ముక్కులు లేని కాలంలో మన తాతలు చేసింది ఇదే అన్నాడు.

అందరూ వెళ్లాక నేను ఆపాను.

"బాపు, కట్టుబాటు నువ్వు పెట్టిందే గదా. అమ్మ పోయిన యేడు."

"నేనే పెట్టిన."

"మరి?"

"అప్పుడు మీద ఇంత ఎండ లేకుండె బిడ్డా. కిందికి పోకుంటె బతుకుతరు అనేది ఉండె. ఇప్పుడు మీద ఉంటె సస్తరు, అది నా కండ్లతోని చూస్తున్న. కింద సస్తరో లేదో తెల్వదు. నువ్వు చెప్పు, నేనేం జెయ్యాలె?"

"దీపం ఒక్కసారి చూస్తే సరిపోదు, ఎప్పటికప్పుడు చూడాలె," అన్నాను. సరేనన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున దిగారు. దీపం నేల మీద నిటారుగా, పసుపుగా మండింది. నేనూ చూశాను. కింద రాయి చల్లగా, చెమ్మగా ఉంది. శోభ గోడకు చెంప ఆనించి అలాగే నిలబడిపోయింది. బాపుకు నవారు మంచం ఒకటి ఉంది. దాన్ని తనే మోసుకొచ్చి శోభకు వేశాడు. తను పక్కన చాప పరుచుకున్నాడు.

"నడుము నొప్పి గదా నీకు," అంది శోభ.

"సల్లగ ఉన్నది బిడ్డా. నేల మీద ఇంకా సల్లగుంటది."

నేను పైనే ఉండిపోయాను. కాకా ఉన్నాడు. తిరుపతికి పంకా పని. డబ్బా కోసం చుట్టుపక్కల బాయిలన్నిటికీ కబురు పెట్టాను.


రోహిణి కార్తె

తెల్లవారాక గట్టయ్య బండి వచ్చింది. బాయిల మధ్య తిరుగుతూ పాత సామాన్లు ఇచ్చిపుచ్చుకునే మనిషి. బండి మీది సంచిలోంచి ఒక డబ్బా తీసి నా ముందు పెట్టాడు.

"తెల్ల తీగ అన్నవట గదక్కా. పడమటి బాయిల దొరికింది. ఇంకోటి లేదు, అంతటా చూసిన."

తెల్ల తీగ ఉంది. కనెక్టర్‌కు గుంతలు ఇరవై. ఆకుపచ్చను నల్లకు కలిపితే ఫ్యాను లేచింది. బదులుగా మా నీళ్ల డ్రమ్ము ఇచ్చేశాను. డబ్బాను పొత్తిళ్లలో బిడ్డలా పట్టుకుని గాలి గదికి పరుగెత్తాను.

కనెక్టర్ బోర్డు మీద ఆనించాను. దిగుతోంది. నొక్కబోయి ఆగాను. ఏదో తేడాగా ఉంది. మొదట చచ్చిన పాత డబ్బా కనెక్టర్ తెచ్చి పక్కన పెట్టి రంగులు ఒక్కొక్కటీ కాకకు చదివి వినిపించాను. పాతదాంట్లో మొదటే రెండు నారింజ తీగలు. దీంట్లో ఆ చోట ఎరుపు, నలుపు. నారింజ అసలు ఈ కనెక్టర్లోనే లేదు, విడిగా వేలాడే ఇంకో చిన్న కనెక్టర్లో ఉంది.

"పెట్టకు!" అని కాక నా చెయ్యి పట్టేసుకున్నాడు. "కొన్ని కంపెనీలు గట్ల జేసినయి. మూతి ఒకటే, లోపటి వరస వేరు. తమ డబ్బానే కొనాలెనని. గిట్లనే గుద్దితే బోర్డు మాడి బొగ్గయితది."

"రంగుల అర్థం మారిందా?"

"రంగులు మారవు. చోట్లు మారినయి. మీటర్ పెట్టి చూస్కో."

చూశాను. తెలుపు మైనస్ ఐదు. నారింజ మూడుంబావు. పసుపు పన్నెండు. రంగులు నిజమే చెబుతున్నాయి. అయితే దారి ఉంది. పాత డబ్బా కనెక్టర్‌ను తీగలతో సహా కోశాను. కొత్త డబ్బా కనెక్టర్లు రెండూ కోసి పక్కన పెట్టాను. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు, ఒక్కో తీగా ఒలిచి, మెలిపెట్టి, సోల్డర్ వేసి, గుడ్డ పేలిక చుట్టాను. రంగు నేను చెప్పడం, ముడి గట్టిగా ఉందో లేదో కాక వేళ్లతో లాగి చూడడం.

సగం పనిలో ఉండగా తిరుపతి ఉరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వదినా! మబ్బు పట్టింది! నల్లగ, పడమర దిక్కు మొత్తం! గాలి ఆగిపోయింది, వాన వస్తది!"

కాక నవ్వాడు. నేనూ నవ్వాను. ఇన్ని వారాల్లో అదే మొదటిసారి. ఇంకా తొందరగా అతికాను. వాన కురిసి, ముక్కులు కూడా లేస్తే, ఇక ఈ ఏటికి గండం గడిచినట్టేనని మనసులో అనుకున్నాను.

ఆఖరిది తెల్ల తీగ. అతికాను. బోర్డులో కనెక్టర్ దిగింది. స్విచ్చి నొక్కాను.

బోర్డు చావలేదు. తెర వెలిగింది. వరసలు ఒక్కొక్కటే వచ్చాయి. ఒకటో ముక్కుకు చిన్న అంకె. రెండుకు చిన్న అంకె. సున్నా లేదు. ఎక్కడా సున్నా లేదు. "కాకా, పని చేస్తుంది," అన్నాను. నాలుగు, ఐదు, ఆరు, అన్నీ నాకు తెలిసిన అంకెలే, ఇన్నేళ్లుగా రాసినవే.

తొమ్మిదో ముక్కు ఎర్రగా వచ్చింది. పది కూడా. ఆ రెండూ కింది పొరలో, మనుషులు పడుకునే చోట, మోకాలి ఎత్తులో ఉంటాయి. నేల మీద పేరుకునే బరువు గ్యాస్‌ను చూసేవి. అంత పెద్ద అంకె నేనెప్పుడూ చూడలేదు. చూస్తుండగానే ఇంకా పెరిగింది.

ఏం అరిచానో గుర్తు లేదు. తిరుపతి నా కంటే ముందే వాలు దారిలో ఉరుకుతున్నాడు.

కింద నిశ్శబ్దంగా ఉంది. పగలు కదా, అందరూ నిద్రలో ఉన్నారు. దీపం మండుతోంది. మేకలు తన్నేస్తాయని దాన్ని గోడకు మనిషెత్తు కొక్కేనికి తగిలించారు. అంత ఎత్తులో గాలి బాగానే ఉంది. కాపలా ఉన్న మనిషి రాతి దిమ్మె మీద కూర్చుని దీపాన్నే చూస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి, "మంచిగనే మండుతుందక్కా," అన్నాడు.

మంచాల మీద, బల్లల మీద పడుకున్నవాళ్లను కుదిపితే కళ్లు తెరిచారు. కక్కుకున్నారు, తల పట్టుకున్నారు, కానీ లేచారు. నేల మీద పడుకున్నవాళ్లలో గాలి వచ్చే దారి పక్కనున్నవాళ్లు లేచారు. లోపలివైపు వాళ్లు లేవలేదు. వంగి ఎత్తబోతే మాకే కళ్లు తిరిగాయి. ఊపిరి బిగబట్టి వంగడం, ఈడ్వడం, నిటారుగా నిలబడి పీల్చుకోవడం. తిరుపతి శోభను మంచం మీది నుంచి భుజాన వేసుకుని వెళ్లాడు. అది బాపూ బాపూ అంటోంది.

బాపు మంచం పక్కనే పక్కకు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. మొహం మీద బాధ లేదు. నడుము నొప్పికి అలాగే పడుకునేవాడు.


రోహిణి కార్తె చివర

పంతొమ్మిది మంది.

పొద్దు వాలుతుండగా పైన గుంతలు తవ్వాం. ఎండకు నేల గడ్డపారకు లొంగలేదు. వాన పడలేదు. మబ్బు పైనే ఒక పూట నిలబడి, దుమ్ము లేపి, తూర్పుకు పోయింది.

రాజేశం కాక గుంత అంచున కూర్చుని తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. మబ్బు పట్టినప్పుడు పైన గాలి బరువు తగ్గుతుందట. తవ్వి వదిలేసిన పాత సొరంగాల్లో, గోడల వెనక నిలిచిన గ్యాస్ అప్పుడు పగుళ్లలోంచి బయటికి వస్తుందట. బొగ్గు తీసే రోజుల్లో మబ్బు చూసి మనుషుల్ని పైకి పిలిచేవారట.

"నవ్విన బిడ్డా," అన్నాడు. "మబ్బు అనంగనె నవ్విన."

నేను ఆయన పక్కన కూర్చున్నాను.

శోభ గుంత దగ్గరికి రాలేదు. వెనక్కి వెళ్లి చూస్తే పై పొరలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "మంచం నాకు వెయ్యకుంటె ఆయన దానిమీద పండుతుండె," అంది. ఆ మాటే మళ్లీ మళ్లీ అంది. దాని తల నిమిరాను.


మృగశిర కార్తె

కింది పొర నోటికి ఇటుకలు, మట్టి పెట్టి గోడ కట్టేశాం. అందరం మళ్లీ పై పొరలోనే ఉన్నాం.

యంత్రం బాగా పనిచేస్తోంది. పొద్దునా సాయంత్రం అంకెలు రాస్తున్నాను. గోడ వెనక తొమ్మిదీ పదీ ఎర్రగానే ఉన్నాయి, తగ్గే సూచన లేదు. చూడటానికి ఎవరూ రావడం లేదు. గుమ్మం ముందు నుంచి వెళ్లేవాళ్లు మొహం అటు తిప్పుకుంటున్నారు. నన్ను తిట్టినవాళ్లు కూడా ఇప్పుడు ఏమీ అనడం లేదు. తిట్టినా బాగుండేది.

వేడికి పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. బాపు చోట పెద్దగా ఉండమంటే ఎవరూ ముందుకు రాలేదు.

నిన్న తెల్ల తీగ దగ్గర మీటర్ పెట్టాను. నాలుగున్నర చూపించింది. పెట్టిన రోజు ఐదు ఉండేది. డబ్బా మీద చెయ్యి పెడితే మెల్లగా వేడెక్కుతోంది. దాని మీద కప్పిన తడిగుడ్డ ఆరకుండా చూస్తున్నాను. కాకతో చెబితే తల ఊపాడు. "అది కూడా ముసల్దే గదా," అన్నాడు.


ఆర్ద్ర కార్తె

నాలుగు చినుకులు పడ్డాయి. నేల ఆవిరి కక్కింది తప్ప తడవలేదు.

సగానికి పైగా మనుషులు గోదావరి వైపు బయల్దేరారు. అక్కడ నీళ్లున్నాయని ఎవరూ చూసి రాలేదు. అయినా వెళ్లారు. పొద్దు గూకే వేళ బండ్లు వరసగా కదిలాయి. మాతో మాట కలపకుండా ఉండటానికేమో, ముందే తలలకు గుడ్డలు చుట్టేసుకున్నారు. గట్టయ్య కూడా వాళ్లతోనే పోయాడు. ఇక డబ్బాలు తెచ్చేవాళ్లు లేరు.

తిరుపతి, శోభ కూడా వెళ్దామనుకున్నారు. బయల్దేరే రోజే దానికి నొప్పులొచ్చాయి. నెలలు నిండకుండానే కాన్పు అయింది. ఆడపిల్ల. నా అరచెయ్యీ ముంజేయీ కలిపితే ఎంతో అంతే ఉంది. ఏడుపు కూడా గట్టిగా లేదు. శోభకు పాలు పడలేదు. మిగిలిన ఒక్క పాల మేక దగ్గర పిండి, గుడ్డ ఒత్తి చేసి తాగిస్తున్నాం. మూడు చుక్కలు మింగితే రెండు కక్కుతోంది. బతుకుతుందని మంత్రసాని అనలేదు. బతకదనీ అనలేదు.

బిడ్డను నేల మీద పడుకోబెట్టనివ్వదు శోభ. మొదటి రెండు రోజులు ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది, కళ్లు మూయలేదు. చివరికి తిరుపతి పైకప్పు బోల్టుకు తాడు వేసి, పాత చీరతో ఉయ్యాల కట్టాడు. శోభ లేచి చూసింది. ఇంకా పైకి కట్టమంది. కట్టాడు. ఇంకా పైకి అంది.

"అంతకంటె మీదికి వద్దు చెల్లె," అన్నాను.

"ఎందుకు?"

చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఈ బాయిలో గాలి చూసేది నేను. ఎవరైనా అడిగితే చెప్పడమే నా పని. బరువు గ్యాస్ నేల మీద నిలుస్తుంది, అంటుకునే గ్యాస్ పైకప్పు కింద నిలుస్తుంది అని చెప్పాను.

శోభ ఉయ్యాల తాడు పట్టుకుని నా మొహంలోకి చూసింది. "మరి ఎక్కడ కట్టాలె అక్కా?"

నేను గాలి గదికి వెళ్లాను. తెర మీద పై పొర అంకెలు చూశాను. ఒకసారి చూసి నమ్మలేక ఇంకోసారి చూశాను. తెల్ల తీగకు మీటర్ పెట్టాను. నాలుగుంబావు. దాన్నిబట్టి అంకెల్ని ఎంత నమ్మాలో మనసులో లెక్క వేసుకుని తిరిగి వచ్చాను.

"ఇప్పటికైతే మంచిగున్నది," అన్నాను. "నడుమల కట్టు. నీ నడుమంత ఎత్తుల."

తిరుపతి తాడు వదులు చేశాడు. శోభ తన నడుముకు కొలిచి చూసి ముడి వేయించింది. ఉయ్యాల మీద చెయ్యి ఆనించి అక్కడే నిలబడింది.

"ఇంకో గడియాగి మల్ల చూసి రా అక్కా," అంది.

చూసి వచ్చాను. మళ్లీ పంపింది. మళ్లీ వెళ్లాను. ఇప్పుడు కూడా ఆ తెర దగ్గరికే వెళ్తున్నాను.